మైపాడు ఒడ్డున దొరికిన స్పాంజి పేరు తేల్చడం ఎలా?

ఈశాన్య రుతుపవనాల కాలంలో వాయుగుండం తీరం దాటిన మర్నాడు ఉదయం మైపాడులోనో, కొత్తపట్నంలోనో, సింగరాయకొండ దగ్గరి పాకలలోనో ఇసుక మీద నడిస్తే, గవ్వలూ తెగిన వలపోగులూ కొబ్బరిపీచూ కలిసిన చెత్తలో అక్కడక్కడ ఒళ్లంతా రంధ్రాలున్న మెత్తని ముద్దలు కనిపిస్తాయి. చాలామంది వాటిని ఏదో మొక్క వేరనుకుని కాలితో తన్ని వెళ్లిపోతారు. అవి స్పాంజీలు, అంటే జంతువులు. అలాంటి ముద్ద ఒకటి చేతికి దొరికినప్పుడు దాని శాస్త్రీయ నామాన్ని ఎలా తేల్చాలి, ఆ నామాన్ని ఎలా రాయాలి, అది ఇంతవరకు ఎవరూ వర్ణించని జాతి అని అనుమానం వస్తే ఏం చేయాలి అన్న విషయాలను డిగ్రీ, పీజీ జంతుశాస్త్ర విద్యార్థులనూ ఆసక్తి గల ఇతరులనూ దృష్టిలో పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. ఈ పనిలో పేరు అన్నిటికంటే చివర వస్తుంది. దానిని మొదటే పెట్టేసి, ఆపై దానికి తగిన లక్షణాలు వెతుక్కోవడం వల్లనే స్పాంజీల జాబితాలు ఇంత గందరగోళంగా తయారయ్యాయి.

ఎక్కడ వెతకాలి?

స్పాంజి అతుక్కుని పెరగడానికి గట్టి ఆధారం కావాలి. నెల్లూరు, ప్రకాశం తీరం చాలావరకు ఇసుక తీరం కావడం వల్ల, రామేశ్వరం పరిసరాల్లోని పగడపు దిబ్బల మీద దొరికినన్ని స్పాంజీలు ఇక్కడ దొరకవు. అయినా గట్టి ఆధారం ఉన్న చోటల్లా వెతకవచ్చు. జెట్టీల స్తంభాలు, అలల తాకిడికి అడ్డుగా వేసిన బండరాళ్లు, చాలాకాలం నీళ్లలో ఉండి ఒడ్డుకు లాగిన పడవల అడుగుభాగాలు, ఆల్చిప్పలు, శంఖాలు, లోతు నీళ్లలో లాగిన ట్రాలు వలల్లో చేపలతోపాటు వచ్చి పడేవి అన్నీ పరిశీలించదగినవే. వల దులిపేటప్పుడు మత్స్యకారులు పక్కకు నెట్టేసే కుప్పలో మంచి నమూనాలు ఉంటాయి. ఆ కుప్ప దగ్గరికి వెళ్లే ముందు పడవ యజమానిని అడగాలి. అడిగితే ఎంత లోతులో, ఏ దిక్కున, ఎన్ని గంటల ప్రయాణంలో వల వేశారో కూడా ఆయనే చెబుతారు. ఆ సమాచారం లేని ట్రాలు నమూనా శాస్త్రానికి సగమే పనికొస్తుంది. ఓడరేవుల లోపలికి అనుమతి లేకుండా వెళ్లకూడదు.

ఏమీ దొరకని రోజున గవ్వలను తిరగేయండి. పాత ఆల్చిప్ప మీదో శంఖం మీదో జల్లెడలాగా చిన్న చిన్న గుండ్రని రంధ్రాలు గుంపుగా కనిపిస్తే, అది సాధారణంగా గవ్వను తొలిచి లోపల నివసించే స్పాంజి పని. క్లియోనా ప్రజాతికి చెందినవి ఇలా సున్నపు పదార్థాన్ని తొలుస్తాయి. దీనికీ, వేటాడే నత్త తొలిచిన రంధ్రానికీ తేడా ఉంది. నత్త చేసిన రంధ్రం చాలావరకు ఒక్కటే ఉంటుంది, అంచులు నున్నగా చెక్కినట్లుంటాయి. స్పాంజి చేసిన రంధ్రాల వెనుక గవ్వ మందంలో గదులు గదులుగా బోలు ఏర్పడి ఉంటుంది, కాబట్టి ఆ గవ్వ వేలితో నొక్కితేనే విరుగుతుంది. ఒడ్డున తెల్లగా ఎండిపోయిన గవ్వలో జీవి ఉండదు. నీటిలోంచి అప్పుడే తీసిన గవ్వలో మాత్రం ఆ రంధ్రాలు పసుపు లేదా నారింజ రంగు కణజాలంతో నిండి ఉంటాయి.

స్పాంజే అని నిర్ధారించుకోవడం

సంఘాలుగా బతికే అసీడియన్లు (సంచిలాంటి ఒళ్లున్న సముద్రజీవులు), మెత్తని పగడాలు, బ్రయోజోవన్లు (నాచులా పరుచుకునే అతి చిన్న జంతువుల సంఘాలు), చివరికి సముద్రపు నత్తల గుడ్ల గుత్తులు కూడా చూపుకు స్పాంజీల్లాగే ఉంటాయి. నేను మొట్టమొదట ఎంతో జాగ్రత్తగా సీసాలో పెట్టి, మూడు వారాలు పుస్తకాలు తిరగేసి, ఏ స్పాంజికీ సరిపోవడం లేదని తల పట్టుకున్న నారింజరంగు ముద్ద చివరికి అసీడియన్ల సంఘమని తేలింది. చేతి భూతద్దంతో చూసి ఉంటే ఉపరితలం మీద నక్షత్రాల్లా అమరిన చిన్న జీవులు ఆ రోజే కనిపించేవి. స్పాంజిలో అలాంటి విడివిడి జీవులు ఉండవు. నోరు, కండరాలు, నాడులు ఉండవు. లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాల ద్వారా నీరు లోపలికి వెళ్లి, ఒకటో కొన్నో పెద్ద రంధ్రాల ద్వారా బయటికి వస్తుంది. బతికి ఉన్న ముద్దను గిచ్చితే అసీడియన్లు కొంతైనా ముడుచుకుంటాయి, స్పాంజిలో కంటికి ఆనే కదలిక ఉండదు.

ఈ నీటి ప్రవాహాన్ని గమనించిన తరువాతనే స్పాంజి మొక్కా జంతువా అన్న పాత వివాదం తీరింది. జాన్ ఎల్లిస్ 1765లో దీనిని గమనించగా, ఎడిన్‌బరోలో రాబర్ట్ గ్రాంట్ 1820లలో చేసిన పరిశీలనలు విషయాన్ని స్థిరపరిచాయి. రంధ్రాలు గలవి అనే అర్థంలో పొరిఫెరా అన్న వర్గనామం ఆయన పెట్టినదే. చార్లెస్ డార్విన్ విద్యార్థిగా ఉన్నప్పుడు సముద్రజీవుల పరిశీలనలో ఆయనకు మార్గదర్శి కూడా ఈ గ్రాంటే.

చట్టం మాట

సున్నపు కంటకాలు (స్పాంజి అస్థిపంజరాన్ని కట్టే సూదుల్లాంటి సూక్ష్మమైన ముక్కలు) గల స్పాంజీలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని రక్షిత జీవుల షెడ్యూలులో చేర్చారు. చేతిలోని స్పాంజి సున్నపుదా కాదా అన్నది పరీక్షించే దాకా తెలియదు కాబట్టి, బతికి ఉన్నవాటిని పీకే ముందు మీ కళాశాల ద్వారా అటవీశాఖ అనుమతి తీసుకోవడమే క్షేమం. పులికాట్ సరస్సు పక్షుల అభయారణ్యం. అక్కడ అనుమతి లేకుండా దేన్నీ సేకరించకూడదు. ఫోటోలకూ రాతకూ అడ్డు లేదు.

సేకరించే చోటనే చేయవలసినవి

స్పాంజి రంగు ఆల్కహాలులో ఒక రోజులోనే వెలిసిపోతుంది. వాసన, జిగురు, నొక్కితే తిరిగి లేచే గుణం కూడా పోతాయి. అందువల్ల కోసే ముందు పక్కన స్కేలు పెట్టి, నీటిలో ఉండగా ఒకటి, బయట ఒకటి ఫోటోలు తీయాలి. తరువాత పుస్తకంలో ఈ విషయాలు రాసుకోవాలి: బయటి రంగు, కోసినప్పుడు లోపలి రంగు, గాలి తగిలిన కొద్దిసేపటికి రంగు మారిందా లేదా, ఆకారం, పెద్ద రంధ్రాల పరిమాణం, అవి ఎక్కడ ఉన్నాయి, ఉపరితలం నున్నగా ఉందా ముళ్లముళ్లుగా ఉందా, పిండితే నలుగుతుందా, చిరుగుతుందా, రబ్బరులా ఉందా, దేని మీద అతుక్కుని ఉంది. గాలి తగలగానే పసుపు నుంచి నలుపు లేదా ఊదా వైపు తిరిగితే దానిని తప్పక రాయండి. వెరాంజిడా క్రమంలోని కొన్నింటికి ఇది ముఖ్య లక్షణం, సీసాలో పెట్టాక ఎవరూ కనిపెట్టలేరు. రబ్బరు చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. కొన్ని స్పాంజీలు తాకితే చర్మం రెండు మూడు రోజులు మంట పుడుతుంది.

చీటీ రాసేటప్పుడు జిల్లా పేరుతో సరిపెట్టవద్దు. మన జిల్లాల సరిహద్దులు స్పాంజీల కంటే త్వరగా మారుతున్నాయి. 1970కి ముందు ప్రకాశం జిల్లాయే లేదు. 2022 విభజనలో చీరాల దగ్గరి వాడరేవు ప్రకాశం నుంచి బాపట్లకు, పులికాట్ ఒడ్డునున్న సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు వెళ్లాయి. పాత సీసా మీద కేవలం నెల్లూరు జిల్లా అని మాత్రమే ఉంటే అది మైపాడుదో తడదో ఇప్పుడు తేల్చేదెవరు? ఊరు, తీరంలో స్థలం, అక్షాంశ రేఖాంశాలు, లోతు, తేదీ, సేకరించినవారి పేరు, మీ పుస్తకంలోని వరుస సంఖ్య, ఇవన్నీ మందపాటి కాగితం మీద పెన్సిలుతో రాసి సీసా లోపల వేయాలి. బాల్‌పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. నా మొదటి పన్నెండు సీసాల్లో నీలిరంగు ద్రవమూ తెల్ల కాగితమూ మిగిలాయి.

నిల్వకు 95 శాతం ఇథనాల్ ఉత్తమం. దానిని బజారులో ఎవరికి పడితే వారికి అమ్మరు కాబట్టి కళాశాల ప్రయోగశాల ద్వారా తెచ్చుకోవాలి. స్పాంజి తన ఒంట్లోని నీటితో ఆల్కహాలును పలుచన చేస్తుంది, అందువల్ల మర్నాడు ఆ ద్రవాన్ని పారబోసి కొత్తది నింపడం తప్పనిసరి. ఫార్మలిన్ వాడకండి. అది క్రమంగా ఆమ్లంగా మారి సున్నపు కంటకాలను తినేస్తుంది, డీఎన్ఏను పాడుచేస్తుంది.

నాలుగు విభాగాలు, ఒక చుక్క వెనిగర్

వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అన్న మెట్లు ఇంటర్మీడియట్ పుస్తకాల్లో చదివినవే. పొరిఫెరా వర్గంలో ఇప్పుడు నాలుగు విభాగాలు ఉన్నాయి. కాల్కేరియాలో కంటకాలు కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడతాయి. హెక్సాక్టినెల్లిడాలో సిలికాతో చేసిన ఆరు కొమ్ముల కంటకాలుంటాయి. ఇవి లోతు సముద్రపు గాజు స్పాంజీలు, మన ఒడ్డున దొరుకుతాయని ఆశించనక్కర్లేదు. హోమోస్క్లెరోమార్ఫా చిన్న విభాగం, ఒకప్పుడు డెమోస్పాంజియేలో ఉపవిభాగంగా ఉండి 2012లో విడిగా నిలిచింది. మిగిలినవన్నీ, అంటే ప్రపంచంలో వర్ణించిన తొమ్మిది వేలకు పైబడిన స్పాంజి జాతుల్లో ఐదింట నాలుగు వంతులకు మించినవి డెమోస్పాంజియేలోనే ఉన్నాయి. వీటిలో సిలికా కంటకాలో, స్పాంజిన్ అనే ప్రోటీను పోగులో, రెండూనో ఉంటాయి. ఏవీ లేనివి కూడా కొన్ని ఉన్నాయి. పాత పుస్తకాలు మూడు విభాగాలే చెబితే అది తప్పు కాదు, అవి అచ్చయిన కాలం అలాంటిది.

మొదటి పరీక్షకు వంటింటి వెనిగర్ చాలు. చిన్న ముక్కను గాజుపలక మీద పెట్టి ఒక చుక్క వేసి భూతద్దంతో చూడండి. ముక్క అంతటా సన్నని బుడగలు లేస్తే కాల్కేరియా అని అనుమానించవచ్చు. అయితే తొందరపడకూడదు. స్పాంజికి అంటుకుని ఉన్న గవ్వపొడి కూడా బుడగలు కక్కుతుంది. అందుకే కంటకాలను సూక్ష్మదర్శినిలో చూసి, ఆపై ఆమ్లం చుక్క వేసి, అవి కళ్లముందే కరుగుతున్నాయో లేదో గమనించాలి.

కంటకాలను వేరు చేయడం

స్పాంజి గుర్తింపులో అసలు పని ఇదే, ఎక్కువ కాలం దీని మీదే గడపాలి. రంగూ ఆకారమూ నమ్మదగ్గవి కావు. ఒకే జాతి అలలు బాదే చోట పొరలా పరుచుకుని, నిశ్చలమైన నీటిలో వేళ్లలాగా పైకి లేవవచ్చు. వేరువేరు కుటుంబాల స్పాంజీలు ఒకే నారింజరంగులో పక్కపక్కనే ఉండవచ్చు. కంటకాల ఆకారం మాత్రం అంత తేలికగా మోసం చేయదు.

ఉపరితలం నుంచి ఒక ముక్క, లోపలి నుంచి మరొక ముక్క, రెండూ బియ్యపు గింజంత చాలు, వేరువేరు పరీక్షనాళికల్లో వేయాలి. రెండిటిలో కంటకాలు వేరుగా ఉండవచ్చు, కలిపేస్తే ఆ సమాచారం పోతుంది. అందులో సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, అంటే బట్టలకు వాడే ద్రవ బ్లీచ్, మునిగేటంత పోసి కణజాలం కరిగిపోయే దాకా ఆగాలి. కొన్నింటికి పది నిమిషాలు, మందమైన వాటికి కొన్ని గంటలు పడుతుంది. పంచాయతీవారు చల్లే బ్లీచింగ్ పౌడరు దీనికి పనికిరాదు, దానిలో కరగని సున్నపు రేణువులు అడుగున చేరి కంటకాలతో కలిసిపోతాయి. అడుగున తెల్లని పలుచని మడ్డి దిగాక, పై ద్రవాన్ని డ్రాపరుతో మెల్లగా తీసేసి, స్వేదనజలం పోసి మళ్లీ దిగనివ్వాలి. ఇలా నాలుగైదు సార్లు కడిగి, చివరగా ఆల్కహాలుతో కడిగి, గాజుపలక మీద రెండు చుక్కలు ఆరబెట్టి, డీపీఎక్స్ (స్లైడు మీద అతికించే పారదర్శక జిగురు) వేసి కవర్‌స్లిప్ మూయాలి. తొందరపడి ఒంపేస్తే అతి చిన్న కంటకాలన్నీ నీళ్లతో పోతాయి. జాతిని తేల్చేవి తరచుగా అవే. ఒక హెచ్చరిక: బ్లీచ్ ఉన్న నాళికలో వెనిగర్ గానీ మరే ఆమ్లం గానీ పోయకూడదు, విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. ఒక స్పాంజికి వాడిన డ్రాపరును మరొకదానికి వాడితే ఉన్న కంటకాలకు లేని కంటకాలు తోడవుతాయి.

ఇప్పుడు చూసినవాటికి పేర్లు కావాలి. పెద్ద కంటకాలు సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉండి అస్థిపంజరాన్ని కడతాయి. రెండు చివరలూ మొనదేలి ఉంటే ఆక్సియా, ఒక చివర మొనదేలి మరొకటి గుండ్రంగా ఉంటే స్టైల్, రెండూ గుండ్రంగా ఉంటే స్ట్రాంగైల్, ఒక చివర గుండు ఉండి అచ్చం గుండుసూదిలా ఉంటే టైలోస్టైల్. పొడవైన కాడ చివర మూడు కొమ్ములుంటే ట్రయీన్, అది టెట్రాక్టినెల్లిడా క్రమానికి దారి చూపుతుంది. చిన్న కంటకాల్లో వంగిన కొక్కెం సిగ్మా, విల్లులాంటిది టాక్సా, వెంట్రుకలాంటిది రాఫైడ్, ముళ్లతో మెలితిరిగింది స్పైరాస్టర్, లంగరులాంటిది చీలా. చీలా కనిపిస్తే అది పీసిలోస్క్లెరిడా క్రమమే, ఎందుకంటే మరే క్రమంలోనూ ఆ ఆకారం లేదు. గవ్వలోని స్పాంజిలో గుండుసూదుల్లాంటి టైలోస్టైల్లూ స్పైరాస్టర్లూ కనిపిస్తే క్లియోనా దారిలో ఉన్నట్లే, అయితే స్పైరాస్టర్లు దాదాపు కనిపించని క్లియోనాలూ ఉన్నాయి.

ఒక్కో రకం కంటకాలు కనీసం పాతికకు తగ్గకుండా కొలిచి, అన్నిటికంటే చిన్నది, సగటు, అన్నిటికంటే పెద్దది అన్న మూడు అంకెలనూ పొడవుకు, మందానికి వేరువేరుగా మైక్రోమీటర్లలో రాయాలి. నేను ఒకప్పుడు పదే కొలిచి మానేసేవాణ్ణి. ఆ పదీ ఒకే పరిమాణంలో రావడం వల్ల రెండు పరిమాణ సముదాయాలు ఉన్న స్పాంజిని ఒకటే సముదాయం గలదిగా రాశాను. విరిగినవాటిని, ఒకే ఒకసారి కనిపించినవాటిని లెక్కలోకి తీసుకోవద్దు. డిసిడియా వంటివి ఇసుకరేణువులనూ ఇతర స్పాంజీల విరిగిన కంటకాలనూ తమ పోగుల్లోకి చేర్చుకుంటాయి.

కంటకాలను విడదీస్తే అవి శరీరంలో ఎలా అమరి ఉన్నాయో తెలియదు. అందుకోసం ఆల్కహాలులో గట్టిపడిన ముక్కను కొత్త బ్లేడుతో ఉపరితలానికి నిలువుగా ఒకటి, ఉపరితలం వెంబడి ఒకటి సన్నగా కోసి, లవంగ నూనెలో తేటపరిచి చూడాలి. కంటకాలు వలకన్నుల్లా గళ్లు కట్టాయా, ఈకలా విచ్చుకున్నాయా, మధ్య నుంచి చుట్టూ కిరణాల్లా పోతున్నాయా, గడ్డివామిలా అడ్డదిడ్డంగా ఉన్నాయా అన్న తేడా కుటుంబాన్నీ ప్రజాతినీ నిర్ణయిస్తుంది. రెండుచివరలా మొనదేలిన ఆక్సియాలు మాత్రమే ఉన్న స్పాంజీలు ఎన్నో ఉన్నాయి. వాటిలో హాలిక్లోనాను హాలికాండ్రియా నుంచి వేరుచేసేది ప్రధానంగా ఈ అమరికే. హాలిక్లోనాలో అవి చక్కని గళ్లుగా, హాలికాండ్రియాలో చిందరవందరగా ఉంటాయి. కంటకాలు అసలు లేక పోగులు మాత్రమే ఉంటే, ఆ పోగు మధ్యలో మెత్తని గుజ్జు ఉందా లేదా చూడాలి. ఉంటే వెరాంజిడా వైపూ డెండ్రోసెరాటిడా వైపూ, లేకపోతే డిక్టియోసెరాటిడా వైపూ వెతకడం మొదలుపెట్టవచ్చు.

పుస్తకాల్లో, పట్టికల్లో వెతకడం

ప్రజాతి దాకా చేరడానికి జాన్ హూపర్, రాబ్ వాన్ సూస్ట్ సంపాదకత్వంలో 2002లో వెలువడిన సిస్టమా పొరిఫెరా రెండు సంపుటాలు ప్రధానాధారం. డెమోస్పాంజియే క్రమాలను 2015లో క్రిస్టీన్ మారో, పాకో కార్డెనాస్ డీఎన్ఏ ఆధారాలతో పునర్వ్యవస్థీకరించారు కాబట్టి, 2002 నాటి క్రమాలను యథాతథంగా వాడకూడదు. ప్రస్తుతం చెల్లుతున్న పేరేదో వరల్డ్ పొరిఫెరా డేటాబేస్‌లో చూసుకోవాలి. మన తీరానికి దగ్గరి పాత సాహిత్యంలో, మద్రాసు పరిసరాల్లో ఎడ్గార్ థర్‌స్టన్ సేకరించిన స్పాంజీల మీద ఆర్థర్ డెండీ 1887లో రాసిన నివేదిక, శ్రీలంక ముత్యపుచిప్పల క్షేత్రాల స్పాంజీల మీద ఆయనే 1905లో రాసిన పెద్ద నివేదిక తప్పక చూడవలసినవి. మధ్యధరా సముద్రపు చేతిపుస్తకం తీసుకుని బంగాళాఖాతపు స్పాంజికి పేరు పెట్టడం మాత్రం వద్దు. ప్రపంచమంతా ఉందని ఒకప్పుడు రాసిన జాతుల్లో చాలావాటిని తరువాత పరిశీలిస్తే, ఒక పేరు కింద అనేక జాతులు దాగి ఉన్నట్లు తేలింది.

పాఠ్యపుస్తకపు పేర్లు కూడా తడబాటు కలిగిస్తాయి. స్నానపు స్పాంజికి మనం నేర్చుకున్న యూస్పాంజియా అన్న ప్రజాతి ఇప్పుడు స్పాంజియాకు పర్యాయనామం మాత్రమే. చెల్లే పేరు స్పాంజియా అఫిసినాలిస్ లినీయస్, 1759. సైఫా అని నేర్చుకున్నదానిని సైకాన్ అనే రాయాలి. హాలికాండ్రియా పానిసియా ఒక్కదానికే యాభైకి పైగా పర్యాయనామాలు పోగుపడ్డాయంటే, రంగూ ఆకారమూ చూసి పేర్లు పెట్టినవారు ఎందరో ఊహించుకోవచ్చు.

పేరును చదవడం, రాయడం

జంతువుల పేర్లకు అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ఆధారం. ఇప్పుడు అమల్లో ఉన్న నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి వర్తిస్తుంది. పేర్ల లెక్క 1758 జనవరి 1 నుంచి మొదలవుతుంది. ఒకే జాతికి రెండు పేర్లుంటే ముందు ప్రచురితమైనది చెల్లుతుంది. తెలుగు వ్యాసంలో మనం తెలుగు లిపిలో రాసుకున్నా, నియమావళి ప్రకారం పేరు రోమన్ అక్షరాల్లోనే ఉండాలి. సీసా చీటీ మీద అలాగే రాయండి. ప్రజాతి పేరుకు పెద్ద అక్షరం, జాతి పేరుకు చిన్న అక్షరం, రెండూ వాలు అక్షరాల్లో ఉండాలి. చేతిరాతలో కింద గీత గీస్తే సరిపోతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది బ్రాకెట్ల దగ్గర. క్లియోనా సెలాటా గ్రాంట్, 1826 అని బ్రాకెట్లు లేకుండా రాస్తాం, ఎందుకంటే గ్రాంట్ ఆ జాతిని మొదటే క్లియోనా ప్రజాతిలో వర్ణించారు. సైకాన్ సిలియేటమ్ (ఫాబ్రీసియస్, 1780) అని మాత్రం బ్రాకెట్లలో రాస్తాం. ఫాబ్రీసియస్ దానిని స్పాంజియా సిలియేటా అన్నారు, తరువాత అది సైకాన్‌కు మారింది. బ్రాకెట్లు ఆ బదిలీకి గుర్తు, అలంకారం కాదు. ఇక్కడే మరో విషయం గమనించండి. స్పాంజియా స్త్రీలింగం కాబట్టి సిలియేటా, సైకాన్ నపుంసకలింగం కాబట్టి సిలియేటమ్ అయింది. లాటిన్ విశేషణం ప్రజాతి లింగాన్ని అనుసరిస్తుంది. ఎవరైనా ఎప్పుడైనా నెల్లూరు పేరుతో ఒక జాతికి నామకరణం చేస్తే, హాలిక్లోనాలో నెల్లోరెన్సిస్ అవుతుంది, సైకాన్‌లో నెల్లోరెన్సె అవుతుంది.

కుటుంబనామం ప్రజాతి మూలానికి ఇడే చేర్చగా వస్తుంది. క్లియోనా నుంచి క్లియోనిడే రావాలి కదా అనిపిస్తుంది. కానీ క్లియోనే అనే తేలియాడే సముద్రపు నత్త పేరుతో ఆ కుటుంబనామం అప్పటికే ఉంది. రెండు జంతుకుటుంబాలకు ఒకే పేరు ఉండకూడదు కాబట్టి, స్పాంజి కుటుంబాన్ని ఒక అక్షరం పెంచి క్లియోనాయిడే అని రాస్తారు. అచ్చుతప్పనుకుని దిద్దకండి.

జాతి దాకా రూఢి కాకపోతే ఆ మాటే రాయాలి. ప్రజాతి మాత్రమే తెలిస్తే ప్రజాతి పేరు రాసి పక్కన జాతి అన్న మాటకు లాటిన్ సంక్షిప్తం (sp.) చేర్చి ఆపేయాలి. ఫలానా జాతిలా ఉంది గానీ పోల్చి చూడవలసి ఉందంటే కన్ఫర్ అన్న లాటిన్ మాట సంక్షిప్తాన్నీ (cf.), దానికి దగ్గరిదే గానీ అది కాదని అనుకుంటే అఫినిస్ సంక్షిప్తాన్నీ (aff.) ప్రజాతికీ జాతికీ మధ్య పెడతారు. ప్రాజెక్టు నివేదికలో ఇలా రాస్తే మార్కులు పోతాయని కొందరు విద్యార్థులు భయపడతారు. నేను పరీక్షకుణ్ణయితే, కొలతలు లేని పూర్తి పేరు కంటే కొలతలున్న ఈ సగం పేరుకే ఎక్కువ మార్కులు వేస్తాను. డీఎన్ఏ పరీక్ష చేయించగలిగితే మంచిదే. అయితే జంతువుల్లో మామూలుగా వాడే సీఓఐ జన్యువు స్పాంజీల్లో చాలా నెమ్మదిగా మారుతుంది. దగ్గరి జాతులను అది విడదీయలేకపోవచ్చు, అందువల్ల 28ఎస్ వంటి మరో భాగాన్ని కూడా చదివిస్తారు.

కొత్త జాతి అనిపిస్తే

మొదట ఏడాది పాటు ఆ మాట ఎవరితోనూ అనకండి. ఆ ప్రజాతిలో హిందూ మహాసముద్రం నుంచి వర్ణితమైన జాతులన్నిటి మూలవర్ణనలూ తెప్పించి చదివి, సాధ్యమైతే వాటి హోలోటైప్‌ల (జాతి పేరుకు ఆధారంగా ఎంచిన మూల నమూనాల) నుంచి తీసిన స్లైడ్లతో పోల్చాలి. డెండీ వర్ణించిన జాతుల మూల నమూనాలు చాలావరకు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. అప్పటికీ తేడా నిలిస్తే, ఒక నమూనాను హోలోటైపుగా ఎంచి, అది ఏ సంగ్రహాలయంలో ఏ సంఖ్యతో ఉందో చెప్పి, ఇతర జాతుల నుంచి దీనిని వేరుచేసే లక్షణాలను మాటల్లో రాసి, ఇది కొత్త జాతి అని స్పష్టంగా ప్రకటిస్తూ ప్రచురించాలి. సదస్సుకు వచ్చినవారికి పంచిన సారాంశంలో పేరు వేస్తే అది నామకరణం కింద లెక్కకు రాదు. పత్రిక కేవలం ఎలక్ట్రానిక్ రూపంలో వెలువడేదైతే ఆ రచనను ముందే జంతునామాల అధికారిక నమోదు పట్టిక అయిన జూబ్యాంక్‌లో నమోదు చేసి, ఆ సంగతి రచనలోనే కనబడేలా చూడాలి. ఒక పురుషుడి గౌరవార్థం పెట్టే పేరుకు చివర ఇ, స్త్రీ గౌరవార్థమైతే ఎ చేర్చడం రివాజు. తన పేరు తానే పెట్టుకోవడాన్ని నియమావళి నిషేధించదు, మర్యాద మాత్రం కాదు. కార్టూను స్పాంజిబాబ్ పేరుతో ఏ స్పాంజి ఉందని విద్యార్థులు తరచూ అడుగుతారు. 2011లో స్పాంజిఫార్మా స్క్వేర్‌పాంట్సై అన్న పేరు పెట్టింది బోర్నియో అడవిలో దొరికిన పుట్టగొడుగుకు, స్పాంజికి కాదు. దానికి వర్తించేది వేరే నియమావళి.

జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం మన దేశంలో కనుగొన్న కొత్త జాతి నమూనాలను ప్రభుత్వం గుర్తించిన నిక్షేపాలయాల్లో అప్పగించాలి. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాటిలో ఒకటి. కొత్తవి కానివాటిని కూడా కళాశాల అలమరలో ఉంచేసి మరిచిపోకుండా, కంటకాల స్లైడు, ఫోటోలు, కొలతల కాగితం నకలు జతచేసి ఏదైనా విశ్వవిద్యాలయ సంగ్రహానికి ఇవ్వడం మంచిది. నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్రం బోధిస్తారు కాబట్టి ముందు అక్కడ అడగవచ్చు. అప్పగించే దాకా సీసాలు మీ దగ్గరుంటే, మన వేసవిలో మూత ఎంత గట్టిగా బిగించినా ఆల్కహాలు ఆవిరవుతుంది. ఏప్రిల్ మొదట్లో ఒకసారి, జూన్ చివర ఒకసారి అన్ని సీసాలూ దించి, మట్టం తగ్గినవాటిలో మళ్లీ నింపండి.